కొబ్బరి నీళ్ళలో కంటి ముక్క

మా అమ్మను ఎవరైనా "మీ చిన్నమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగితే "డాక్టరండీ" అని ఊరుకునేది. ఏం డాక్టరని రెట్టించి అడిగితే మాత్రం మాట మార్చి, వాళ్ళింట్లో గేదె ఈనిందా లేదా అని ఎదురు అడిగేది. ఆవిడ బాధ నాకు తెలుసు. విశాఖపట్నం పంపి అన్నేళ్ళు చదివిస్తే నేను జ్వరానికి మందిచ్చే డాక్టరును కాలేదు, పురుళ్ళు పోసే డాక్టరమ్మనూ కాలేదు. రోగుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను చూసి అదేం జబ్బో చెప్పే చోట చేరాను. దాన్ని పెథాలజీ అంటారని చెబితే మా మేనత్త, "ఇంతా చదివి కసాయి పనా?" అంది. నాకసలే ముక్కు మీద కోపం. "కసాయివాడు ప్రాణం తీసి ముక్కలు కోస్తాడు, నేను ముక్క కోసి ప్రాణం నిలబెడతాను" అన్నాను. అప్పటికది ఉత్త డంబం. నేను నిలబెట్టిన ప్రాణం ఒక్కటీ లేదు.

నన్ను డాక్టరు చదివించాలన్న పట్టుదల మా నాన్నగారిది. ఆయన మామిడికుదురు దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులు. నేను ఉయ్యాల్లో ఉండగా మా అక్కకు అమ్మవారు పోసింది. పిల్ల బతికింది కానీ ఎడమ కంట్లో పువ్వు వేసి ఆ కంటి చూపు పోయింది. సమయానికి చూసే డాక్టరు దగ్గర్లో లేకపోయాడని నాన్నగారికి చివరిదాకా కొరతే. రెండో కూతురు డాక్టరు కావాలని అప్పుడే అనుకున్నారట. నా చదువంతా అక్క పోగొట్టుకున్న కంటి మీద నడిచిందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అక్క ఆ మాట ఒక్కనాడూ అనలేదు.

ఒక కన్ను లేని పిల్లకు సంబంధం ఎలా కుదురుతుందా అని ఇంట్లో అందరూ బెంగపడుతుంటే, నగరం అనే ఊరి వైపునుంచి ఒకావిడ తన కొడుక్కి అక్కను అడగడానికి వచ్చింది. నాన్నగారు కన్ను సంగతి ముందే చెప్పబోయారు. "తెల్సండి. మా ఇంట్లో అందరికీ రెండేసి కళ్ళున్నాయండి, ఒకటి తక్కువైతే సర్దుకోలేమాండి?" అని ఆవిడ తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయింది. అత్త అంటే గయ్యాళి అని మా పేటలో అందరూ అనుకునే రోజులు. మా అక్క అత్తగారు మాత్రం కోడలి జడ తనే వేసేది. చేపల పులుసులో తలకాయ కోడలి కంచంలో పడేది.

వాళ్ళది పీచు పని. కాలవ పక్కన గుంటలు తవ్వి, కాయ వలిచిన కొబ్బరి డొక్కలు వాటిలో నెలల తరబడి నానబెడతారు. బాగా నానాక దిగి తీసి, కర్రలతో కొట్టి పీచు చేసి తాళ్ళు పేనుతారు. ఆ నీళ్ళు కషాయం రంగులో ఉంటాయి. ఆ వాసన ఎరగనివాళ్ళు ముక్కు మూసుకుంటారు, ఎరిగినవాళ్ళకు అది అన్నం వాసన. అక్క కూడా చీర ఎగదోపుకుని గుంటలో దిగేది. నీళ్ళు మొహాన చిందితే మోచేత్తో కళ్ళు తుడుచుకునేది.

నేను ఉద్యోగంలో చేరిన ఏడు వేసవి సెలవుకు వెళ్ళినప్పుడు అక్క కుడి కంట్లో, ముక్కు వైపు మూలన, కందిగింజంత ఎర్రటి పొక్కు కనబడింది. తెల్లగుడ్డును అంటుకుని ఉంది. "ఏంటే ఇది?" అంటే, "కలకలే. తగ్గుతుంది" అంది. నందివర్ధనం పూలు పెట్టారట, పక్కింటి బాలింత పాలు పిండారట, కొబ్బరి బొండాం నీళ్ళతో రోజూ కడుగుతున్నారట. నాకు మండుకొచ్చింది. ఉన్నదొక్క కన్ను, దాన్ని పెట్టుకుని పెరటి వైద్యాలా అని ఇల్లెగిరేలా అరిచాను. అక్క అత్తయ్యగారు "ఆయ్, ఆయ్" అంటూ అంతా విని, "మరి నువ్వు చూడమ్మా, డాక్టరమ్మవి కదా" అంది. బతికున్న కంట్లో చెయ్యి పెట్టే డాక్టరును కానని ఆవిడకు ఎలా చెప్పను?

అమలాపురంలో ఒక కంటి డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూసి చుక్కల మందు రాసిచ్చారు. కనురెప్పల లోపలినుంచి వచ్చి తెల్లగుడ్డును కప్పే పల్చటి తడి పొర ఒకటుంది. కళ్ళకలక వచ్చేది దానికే. ఎండకూ దుమ్ముకూ కండ పెరిగేది దాని మీదే. అరుదుగా కేన్సరు పుట్టేదీ అక్కడే. డాక్టరు గారు ఆ మాట అక్క ముందు అనలేదు, నన్ను వరండాలోకి పిలిచి అన్నారు. "చుక్కలకు తగ్గితే సరి. పెరిగితే చిన్న ముక్క తీసి మీకే పంపుతాను. చెడ్డదని మీరంటే కన్ను తీసెయ్యాలి. లేకపోతే అది లోపలికి పాకి మనిషినే తీసుకుపోతుంది."

నేను విశాఖపట్నం వెళ్ళిపోయాను. శ్రావణమాసానికి పొక్కు రెట్టింపైంది, చెయ్యి తగిలితే నెత్తురు వస్తోందని కబురు వచ్చింది. డాక్టరు గారు అక్క కంట్లో మత్తు చుక్కలు వేసి పొక్కులోంచి బియ్యపుగింజంత ముక్క తీశారు. రబ్బరు మూత ఉన్న పెనిసిలిన్ సీసాలో, ముక్క కుళ్ళకుండా ఫార్మలిన్ పోసి, ముక్కను అందులో వేసి, మా బావగారి చేతికిచ్చి, మూత తియ్యొద్దని మరీ మరీ చెప్పారట. వచ్చే గురువారంలోగా నా జవాబు రాకపోతే ఇక ఆగనని, కన్ను తీసేస్తానని కూడా చెప్పారు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆగితే ప్రాణం పోతుందన్నది ఆయన భయం.

బావగారు అక్కను ఇంట్లో దింపి మర్నాడే బయల్దేరుదామనుకున్నారు. కానీ గోదావరి పొంగింది. దాని పాయ వైనతేయ మీద పాశర్లపూడి రేవులో పడవలు ఆపేశారు. ఆయన రోజూ పొద్దున్నే రేవుకు వెళ్ళడం, సాయంత్రం తిరిగి రావడం. సీసా మాత్రం దేవుడి గూట్లో ఉంది.

వరద తీశాక ఆయన విశాఖపట్నం చేరేసరికి సోమవారం అయింది. చొక్కా జేబులో, చేతిరుమాల్లో చుట్టిన సీసా తీసి రెండు చేతులతో నాకిచ్చారు. నేను మూత తీశాను. ఫార్మలిన్ సీసా మూత తీస్తే కళ్ళలోంచి నీళ్ళు కారాలి, ముక్కు అదిరిపోవాలి. నాకేమీ కాలేదు. పులిసిన వాసన వచ్చింది.

"బావగారూ, ఇందులో ఏముంది?"

"అక్క కంటి ముక్కేనమ్మా."

"అది సరే, ఏం నీళ్ళివి?"

ఆయన నేలచూపులు చూశారు. "అమ్మ మార్చిందమ్మా. మూత తీసి వాసన చూసిందంట, కళ్ళు భగ్గున మండిపోయేయంట. చూస్తేనే నా కళ్ళిలా మండితే, అందులో పడున్న పిల్ల కంటి ముక్కకెంత మంటో, ఆ మంట పిల్ల కంటికి తగలదా అని ఒకటే ఏడుపు. అది పారబోసి లేత బొండాం నీళ్ళు పోసిందండి. రోజూ మార్చింది కూడా. చల్లగా ఉంటుందని."

మరదలిని పట్టుకుని 'అండి' అన్నారంటే ఆయనెంత హడలిపోయారో చూడండి. నేను అరిచిన అరుపుకు పక్క గదిలోవాళ్ళు వచ్చారు. ఏమన్నానో ఇప్పుడు గుర్తులేదు, మంచి మాటలైతే కావు. ఒంట్లోంచి తెగిన ముక్క ఆ క్షణంనుంచే కుళ్ళడం మొదలుపెడుతుంది. ఫార్మలిన్ దాన్ని ఎక్కడికక్కడ బిగబట్టి, బతికున్నప్పుడు ఎలా ఉందో అలా నిలబెడుతుంది. బొండాం నీళ్ళలో ఉన్నది తీపి. ఆ తీపిలో ముక్క చద్దన్నంలో మెతుకులా నానిపోయింది. కేన్సరా కాదా అని చెప్పాలంటే కణాల తీరు చూడాలి. కణాలే కరిగిపోతే చెప్పేదేముంది?

మా ప్రొఫెసరు గారు గొడవ విని వచ్చి, సీసాను వెలుతురుకు పట్టి చూశారు. "కొబ్బరి నీళ్ళా?" అని ఒకసారి నవ్వబోయి నా మొహం చూసి మానేశారు. నేను ఏడుస్తూనే చెప్పాను. గురువారం కన్ను తీసేస్తారు, అది ఉన్న ఒక్క కన్ను. ఆగమని తంతి ఇద్దామంటే, అది నిజంగా చెడ్డదైతే నా తంతే అక్క ప్రాణం తీస్తుంది. ఆగమనలేను, కానివ్వమనలేను.

"ముందు ముక్కను చూడమ్మా. చూడకుండా ఏడవడం మన వృత్తిలో లేదు" అన్నారు ఆయన.

ముక్కను గాజుపలక మీదికి తేవడం తొందరపడే పని కాదు. ముందు ఫార్మలిన్. తర్వాత పల్చటి ఆల్కహాలు, ఇంకాస్త చిక్కటిది, ఇంకా చిక్కటిది, లోపలి తడి చుక్క మిగలకుండా పోయేదాకా. తర్వాత ఆ ఆల్కహాలు పోవడానికి జైలాల్ అనే ద్రావకం. ఆ తర్వాత కరిగిన మైనం. మైనం లోపలిదాకా ఇంకి గడ్డకట్టాక, దాన్ని మైక్రోటోం అనే కోత యంత్రానికి బిగించి పొరలు తీయాలి. ఆ పొర ముందు ఆత్రేయపురం పూతరేకు చాపలాంటిది. పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా వస్తాయి. గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలితే ముడతలు విప్పుకుంటాయి. కోడిగుడ్డు తెల్లసొన రాసిన గాజుపలకతో కిందినుంచి ఎత్తి పట్టుకోవాలి. చివర రెండు రంగులు: ఒకటి నీలం, ఒకటి గులాబి. నీలం కణం నడిబొడ్డును పట్టుకుంటుంది, మిగతాదంతా గులాబి అవుతుంది.

ఇదంతా నేను కళ్ళు మూసుకుని చేయగలను. ఆ రెండు రోజులు మాత్రం ప్రతి దశలోనూ గడియారం చూసుకుంటూ చేశాను. తొందరపడితే ఉన్నదీ పోతుంది, ఆగితే గురువారం వచ్చేస్తుంది. బావగారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉండేవారు. అన్నం తినండంటే "ఆయ్" అనేవారు, లేచేవారు కాదు. మంగళవారం నాతో, "మా అమ్మను ఏమీ అనకమ్మా. అక్క కన్ను పోతే అమ్మ ఎలాగూ బతకదు" అన్నారు. అప్పటికింకా కోపంతో ఉడికిపోతున్నాను.

బుధవారం పొద్దున్న కోత మొదలుపెట్టాను. ముక్క మెత్తబడిపోయి కత్తి కింద చిరిగిపోయింది. మొదటి రిబ్బను ముక్కలైంది, రెండోది నీళ్ళమీద చెదిరిపోయింది. ఎలాగో కొన్ని పొరలు పలకల మీదికి ఎక్కించి రంగులు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అనుకున్నదే అయింది. అంతా వెలిసిపోయిన గులాబి మరక. నీలం ఎక్కడా లేదు. ఒక్క కణానికీ రూపం లేదు, హద్దు లేదు. వర్షంలో తడిసిన ముగ్గు చూసినట్టుంది. తల బల్లకు ఆనించి ఏడ్చాను. ఇన్నేళ్ళు చదివింది ఇందుకా అని ఏడ్చాను. నాన్నగారికేం చెప్పాలని ఏడ్చాను.

కాసేపటికి మళ్ళీ చూశాను. పలకను మెల్లగా జరుపుకుంటూ పోయాను. ఒక మూలన గుండ్రటి గీత కనబడింది. దళసరి గీత, గట్టి పెంకులాంటిది. దాని పక్కన ఇంకొకటి, చిన్నది. ఇంకాస్త జరిపితే పెద్దది. దాని కడుపునిండా సన్నటి గింజలు, పండిన అత్తిపండు కోసినట్టు. చుట్టూ ఉన్న కండంతా కుళ్ళి మరకైపోయినా ఈ సంచులు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఇలాంటివి పాఠం చెప్పే పలకల్లో చూశాను, ముక్కులో పెరిగిన కండలో. కంట్లో చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. కుర్చీ వెనక్కి పడిపోయింది, పడిపోతే పడిపోయిందని ప్రొఫెసరు గారి గదికి పరిగెత్తాను.

ఆయన వచ్చి చూశారు. పలక మార్చి చూశారు.

"ఇది కేన్సరు కాదమ్మా. బూజులాంటి ఒక జీవి. కంటి పొరలో చేరి సంచులు కట్టుకుని కాపరం పెట్టింది. మీ అక్క నిలవ నీళ్ళలో దిగుతుందా?"

"పీచు గుంటలోకి దిగుతుందండి."

"నిలవ నీళ్ళలో పనిచేసేవాళ్ళకే ఇది ఎక్కువ చూస్తున్నాం. ఎలా ఎక్కుతుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. కన్ను జోలికి పోనక్కర్లేదు. పొక్కును మొదలంటా తీసి, మొదలు కాల్చమని చెప్పు. మళ్ళీ రావచ్చు, వస్తే మళ్ళీ తీస్తారు. తీసిన దాన్ని ఈసారి ఫార్మలిన్‌లో పంపమను, మరోసారి చూద్దాం." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "ఆ సంచుల గోడ మందం కాబట్టి మిగిలింది. మరే జబ్బయినా మనకేమీ తెలిసేది కాదు."

ఈ కథ విన్నవాళ్ళు కొందరు, చూశారా, కొబ్బరి నీళ్ళే కాపాడాయి అంటుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. కొబ్బరి నీళ్ళు కాపాడలేదు, ముంచబోయాయి. మునిగినా తేలే జబ్బు కావడం మా అదృష్టం, అంతే.

తంతి ఇచ్చాను. ఇచ్చాక అది చేరుతుందో లేదో అని నమ్మకం కుదరక బావగారితో పాటు నేనే బయల్దేరాను. సామర్లకోటలో రైలు దిగి, బస్సులు మారి, కోటిపల్లిలో పడవెక్కి ముక్తేశ్వరం దాటేదాకా దారిపొడుగునా అత్తయ్యగారికి ఏం చెప్పాలో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. అమలాపురం చేరేసరికి గురువారం పదకొండు దాటింది. ఆసుపత్రి గుమ్మంలోనే డాక్టరు గారు కనబడి, జేబులోంచి తంతి కాగితం తీసి ఊపారు. ఆయన నవ్వడం నేను చూడడం అదే మొదలు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

అక్కను ఆసుపత్రిలో చేర్చి తోడున్న అత్తయ్యగారు నా దగ్గరకు వచ్చింది. పేర్చుకున్న మాటలన్నీ అనేశాను. ముక్క కుళ్ళిపోయింది, మీ వల్ల అక్క గుడ్డిదైపోయేది అన్నాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "తప్పేనమ్మా. ఇంకెప్పుడూ ముట్టుకోను. కానీ నిజం చెప్పు, అక్క ముక్క అలా మండే దాంట్లో ఉందంటే నీకు మాత్రం నిద్ర పట్టిందా?"

తెగిన ముక్కకు నొప్పి ఉండదని చెప్పాను. ఆవిడ తల ఊపింది, నమ్మలేదు. గుంట నీళ్ళ సంగతి కూడా చెప్పాను. అది మాత్రం వెంటనే నమ్మింది. "అయితే అమ్మాయి ఇంక గుంటలో కాలు పెట్టదు. డొక్కలు నేనూ నా కొడుకూ తీస్తాం. తనను గట్టున ఉండి లెక్క చూడమని చెబుతాను" అంది. నా కోపంలో సగం అక్కడే పోయింది. మిగతా సగం పోవడానికి ఇంకొంచెం టైము పట్టింది.

ఆ మధ్యాహ్నమే డాక్టరు గారు పొక్కును మొదలంటా తీసి, మొదలు కాల్చి, కంటికి కట్టు కట్టారు. ఉన్న ఒక్క కంటికీ కట్టు కట్టేసరికి అక్కకు పూర్తి చీకటైపోయింది. దాంతో కొత్త బెంగ పట్టుకుంది. పక్క మంచం మీద ఒక ముసలావిడకు ముందురోజే కన్ను తీసేశారు. ఆవిడక్కూడా ఇలాంటి కట్టే, ఆవిడక్కూడా "ఏం లేదు, కట్టు కట్టాం" అనే చెప్పారు. అక్క అదంతా విన్నది. నేనెన్ని ఒట్లు పెట్టినా, "నువ్వు డాక్టరువి. మీరలాగే చెప్తారు" అనేది. అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. చదివిన చదువంతా పెట్టి చెప్పినా అక్క చేత ఒక్క ముద్ద తినిపించలేకపోయాను.

సాయంత్రం అత్తగారి చెయ్యి తడుముకుని అడిగింది. "మీరు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు అత్తయ్యా. కన్నుందా?"

"ఉందే అమ్మా. ఇదిగో, నువ్వే చూసుకో." ఆవిడ కిటికీలో ఉన్న పెనిసిలిన్ సీసా తీసి అక్క చేతిలో పెట్టింది. ఆ రోజు తీసిన పొక్కు ఫార్మలిన్‌లో తేలుతోంది. నేను గుండె చేత్తో పట్టుకున్నాను, ఆవిడ మూత మీద చెయ్యి వేయలేదు. "నీ కంట్లోంచి తీసింది మొత్తం ఇందులో వేసేరు. నేనిక్కడే నిలబడి చూసేను. దీని మూతి తడిమి చూడు. నీ చిటికెన వేలైనా పడుతుందా? కన్నయితే ఇందులో ఎలా పడుతుందే పిచ్చితల్లీ?"

అక్క సీసా మూతి చుట్టూ వేలు తిప్పింది. మళ్ళీ తిప్పింది. "పట్టదు" అంది. తర్వాత నాలుగు ముద్దలు తింది. నా మిగతా సగం కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.

కట్టు విప్పే రోజు డాక్టరు గారు కిటికీ రెక్కలు ఓరగా వేయించారు. దూది తీసి, నీళ్ళతో రెప్పలు తుడిచి, మెల్లగా తెరవమన్నారు. అక్క భయపడి తెరవలేదు. అత్తయ్యగారు "తెరవ్వే" అంది. తెరిచింది. కన్ను ఎర్రగా ఉంది, మూలన కాలిన చోట మచ్చ ఉంది, నీళ్ళు కారుతున్నాయి. రెప్పలార్పింది. గోడనూ, అత్తగారినీ, బావగారినీ చూసింది. చివరికి నావైపు తిరిగి చాలాసేపు చూసింది. చూపు అందుతోందో లేదో తెలియక నేను కదలకుండా నిలబడ్డాను. ఎన్ని వేళ్ళు కనబడుతున్నాయో అడుగుదామని డాక్టరు గారు చెయ్యి పైకెత్తారు.

"ఏమే, నీ కళ్ళెందుకలా ఎర్రబడ్డాయి? రెప్పలు కూడా వాచేయి. ఎన్నాళ్ళుగా ఏడుస్తున్నావే?" అంది అక్క.

డాక్టరు గారు ఎత్తిన చెయ్యి దించేసి, ఇంక పరీక్ష అక్కర్లేదమ్మా అన్నారు.